కడప సభల్లో ముందు కుర్చీ ఐదొందలు

కడపలో ఎవరైనా ‘అపొస్తలుడి’ (దేవుడే స్వయంగా పంపాడని చెప్పుకునే పాస్టరు) సభలకు పోవాలనుకుంటుంటే ఇది చదివి బయల్దేరండి. కోపం చల్లారకముందే రాస్తున్నాను.

అనంతపురం నుంచి తాడిపత్రి మీదుగా ఎక్స్‌ప్రెస్ బస్సు. ఆడవాళ్లకు ఉచిత బస్సు ఇచ్చే స్త్రీ శక్తి పథకం పుణ్యమా అని మా ఆవిడకూ అత్తమ్మకూ టికెట్ లేదు, నాకొక్కడికే. లాడ్జి గది 1,200. ఏసీ లేదు గానీ దుప్పట్లు ఉతికినవే వేశారు, వేడినీళ్లు అడగ్గానే బకెట్‌తో తెచ్చిచ్చారు. అంతవరకు ఏ లోటూ లేదు.

కథంతా మైదానం గేటు దగ్గరే. మెడలో ట్యాగు వేసుకున్న వాలంటీరు కుర్రాడు, “ముందు కుర్చీ అయితే 500, వెనక చాపలు ఫ్రీ” అన్నాడు. అత్తమ్మకు మోకాళ్ల నొప్పి. కింద కూర్చుంటే ఇద్దరు పట్టుకుని లేపాలి. పక్కన దొంతర్లుగా పేర్చిన కుర్చీల్లోంచి ఒక్కటి వెనక వేయించు బాబూ అంటే, “దైవజనుడి ఆజ్ఞ అంకుల్” అని మొహం తిప్పుకున్నాడు. ఇచ్చాను 500. అభిషేక తైలం సీసా 150. తలమీద చేతులుంచి ప్రార్థన చేయాలంటే కవర్లో 1,116. రసీదు అడిగితే, “దేవుడికిచ్చి రసీదు అడుగుతారా?” అని ఎదురు ప్రశ్న!

ఆ రోజు ఆయన ప్రసంగం అపొస్తలుడికి దేవుడిచ్చే పిలుపు మీద, అధికారం మీద. బైబిల్లో పౌలు గలతీ సంఘాలకు రాసిన ఉత్తరం, గలతీ పత్రిక, మొదటి వచనం ఎత్తుకున్నాడు. పౌలును అపొస్తలుడిగా నిలబెట్టింది మనుషులు కాదు, యేసుక్రీస్తూ తండ్రీ అని. బాగా చెప్పాడు, కాదనను. అక్కడినుంచి ఒక్క దూకు దూకి, “కాబట్టి నన్ను ప్రశ్నించే హక్కు ఏ సంఘానికీ లేదు” అన్నాడు. అదే పత్రిక రెండో అధ్యాయం ఆయన బైబిల్లో లేదా? యేసు శిష్యుల్లో ముఖ్యుడైన పేతురంతటివాణ్ణి అంతియొకయలో అందరి ముందు పౌలు నిలదీశాడు కదా. దమస్కు దారిలో యేసు కనిపించిన వెలుగు చూసి కూడా పౌలు మూడు రోజులు గుడ్డివాడిగా ఉన్నాడు. పన్నెండుమంది అపొస్తలుల్లో లేని అననీయ అనే శిష్యుడు వచ్చి చేతులుంచాకే చూపొచ్చింది. అననీయ కవరు అడిగినట్టు ఎక్కడా లేదు.

సువార్త చెప్పేవాడు సువార్త వల్ల బతకొచ్చని, ఆ హక్కు తనకూ ఉందని కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక తొమ్మిదో అధ్యాయంలో పౌలు గట్టిగా వాదిస్తాడు. వాదించి, నేను మాత్రం దాన్ని వాడుకోలేదంటాడు. కొరింథులో అకుల, ప్రిస్కిల్లల ఇంట్లో ఉండి డేరాలు కుట్టాడు. ప్రభువు తనకు అధికారమిచ్చింది సంఘాన్ని కట్టడానికే గానీ పడగొట్టడానికి కాదని వాళ్లకే రెండో పత్రికలో రాశాడు. ఈ మాటలేవీ ఆ మైకులో వినపడలేదు.

సభ అయ్యాక ఆటో దొరక్క నిలబడితే, షామియానాలు విప్పుతున్న ఒకాయన అత్తమ్మకు కుర్చీ తెచ్చి వేశాడు. ఊరికే! మాటల్లో తెలిసింది, ఆదివారం వాళ్ల పల్లె సంఘానికి ఆయనే పాస్టరని. “నిరుటి బిల్లే ఇంగా రాలేదన్నా వీళ్ల కాడ” అన్నాడు గుంజకు తాడు చుడుతూ. “మరి కానుకలు రావా అయ్యగారూ?” అని మా ఆవిడ అడిగింది. “మా సంఘంలో అందరూ కూలోళ్లేనమ్మా. వాళ్ల మింద పడి తింటే యట్లా?” అన్నాడు. పోతూ పోతూ అత్తమ్మ కోసం రెండు ముక్కల్లో ప్రార్థన చేశాడు, షామియానా గుడ్డ భుజాన ఉండగానే.

పొద్దున కారం దోసెలు. ఎర్రకారం దట్టంగా పూసి, పైన పప్పులపొడి చల్లి, పెనం మీదే మడిచి ఇచ్చాడు. ఒక్కోటి 50. ఈ యాత్రలో పెట్టిన డబ్బుకు తగ్గట్టు దొరికింది ఇదొక్కటే. మరియాపురం పెద్ద చర్చి కూడా చూసొచ్చాం. విశాలంగా ఉంది, నీడ ఉంది, కూర్చుంటే ఎవరూ పైసా అడగలేదు. లండన్ మిషన్ వాళ్లు కడపలో పని మొదలుపెట్టింది 1822లో. అంత పాత ఊరికి ఈ కుర్చీల, కవర్ల యాపారం ఎప్పుడు అంటుకుందో!

తిరుగుదారంతా అత్తమ్మ నాతో మాట్లాడలేదు, దైవజనుణ్ణి తిట్టానని. తాడిపత్రి దాటాక మోకాలికి తైలం రాసుకుంటుంటే మా ఆవిడ వాసన చూసి, “కొబ్బరినూనెమ్మా ఇది” అంది. అయినా ఆమె సీసా వదల్లేదు. పోక తప్పదనుకునేవాళ్లు మాత్రం మడత కుర్చీ ఇంటినుంచే పట్టుకుపోండి. బజార్లో 700కే వస్తుంది, మళ్లీ మళ్లీ పనికొస్తుంది.