ఎ షార్ట్ హైక్, ఔటర్ వైల్డ్స్: ముందు ఏది ఆడాలి, ఏది మేలు?

తుపాకులు, ర్యాంకులు, లెవెల్స్ గొడవ లేకుండా హాయిగా తిరుగుతూ కొత్త చోట్లు చూసే వీడియో గేమ్ ఏదైనా చెప్పమంటే నా నోటికి వెంటనే వచ్చేవి ఈ రెండే. రెండూ 2019లోనే వచ్చాయి. ఎ షార్ట్ హైక్‌ని కెనడాకు చెందిన ఆడమ్ రాబిన్సన్-యు దాదాపు ఒంటిచేత్తో చేశాడు, సంగీతం మాత్రం మార్క్ స్పార్లింగ్‌ది. ఔటర్ వైల్డ్స్‌ని అలెక్స్ బీచమ్ అమెరికాలో మాస్టర్స్ చేస్తున్నప్పుడు థీసిస్‌గా మొదలుపెట్టాడు, తర్వాత మోబియస్ డిజిటల్ అనే స్టూడియోలో ఏళ్ల తరబడి దాన్ని పెంచి పెద్దచేశారు. చిన్న బృందాలు సొంతంగా చేసిన గేమ్స్‌కి జరిగే ఇండిపెండెంట్ గేమ్స్ ఫెస్టివల్‌లో ఇచ్చే అతిపెద్ద బహుమతి రెండింటికీ దక్కింది. ఔటర్ వైల్డ్స్‌కి ఇంకా పూర్తికాకముందే 2015లో, ఎ షార్ట్ హైక్‌కి 2020లో. రెండూ మంచివే, అందులో వాదన లేదు. మీకున్న టైమ్‌కి, ఓపికకి ఏది సరిపోతుందో చూద్దాం.

ఎ షార్ట్ హైక్ కథ ఒక్క ముక్కలో చెప్పొచ్చు. క్లేర్ అనే పిట్ట సెలవులకని మే ఆంటీ పనిచేసే పార్క్‌కి వస్తుంది, ముఖ్యమైన ఫోన్ కాల్ కోసం ఎదురుచూస్తూ ఉంటుంది, కానీ అక్కడ సిగ్నల్ ఉండదు. కొండ చివరికంటా ఎక్కితే తప్ప దొరకదు. సిగ్నల్ కోసం డాబా ఎక్కి ఫోన్ పైకెత్తి తిరిగిన రోజులు గుర్తున్నవాళ్లకి ఈ కథ ఇంకేం వివరించక్కర్లేదు. ఎక్కడానికి బంగారు ఈకలు కావాలి. ఒక్కో ఈక దొరికినకొద్దీ గాల్లో ఇంకోసారి రెక్క కొట్టొచ్చు, రాతిని పట్టుకుని ఇంకొంచెం పైకి పాకొచ్చు.

అసలు మజా అక్కడే ఉంది. నిటారుగా ఉన్న రాయిని పట్టుకుని ఎక్కుతుంటే స్క్రీన్ మీద ఈకలు ఒక్కొక్కటే ఖాళీ అవుతుంటాయి, పై అంచు కనిపిస్తూనే ఉంటుంది, చివరి ఈక కూడా అయిపోయి పట్టు జారిపోతుంది. వేరే గేమ్‌లో అయితే అక్కడితో చచ్చిపోయి మళ్లీ మొదటికి రావాలి. ఇక్కడ క్లేర్ రెక్కలు చాపి మెల్లగా గాలిలో తేలుతూ కిందికి దిగుతుంది, దిగిన చోట ఇంతకుముందు చూడని ఓ ఇసుక తిన్నె, అక్కడ ఎవరో చేపలు పడుతూనో ఏదో పోగొట్టుకుని వెతుకుతూనో కనిపిస్తారు, వాళ్లతో మాట్లాడుతూ కొండ సంగతే మర్చిపోతాం. పడిపోవడం కూడా ఒక దారే అన్నట్టు చేశాడు ఈ గేమ్‌ని, అది నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. మా అమ్మకి గేమ్స్ అంటే అస్సలు పట్టదు, కానీ నేను ఆడుతుంటే పక్కన కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తూ మధ్యమధ్యలో "ఫోన్ వచ్చిందా దానికి?" అని అడుగుతూనే ఉంది. చివరికి ఆ కాల్ వచ్చినప్పుడు ఇద్దరం చేస్తున్న పని ఆపేశాం. ఎవరు చేశారో, ఏం చెప్పారో నేను చెప్పను.

తిన్నగా ఎక్కితే గంటన్నర, రెండు గంటల్లో శిఖరం చేరతారు. అన్నీ చూస్తూ తిరిగితే ఇంకో రెండు మూడు గంటలు. ఆదివారం మధ్యాహ్నం మొదలుపెడితే సాయంత్రం టీకి అయిపోతుంది.

ఔటర్ వైల్డ్స్ సంగతి వేరు. ఇందులో మీరు నాలుగు కళ్లున్న ఓ చిన్న జాతి వాళ్లలో ఒకరు, చెక్కలతో కట్టిన అంతరిక్ష నౌక మీ చేతికిస్తారు, ఇక మీ ఇష్టం. ఎక్కడికి వెళ్లాలో ఎవరూ చెప్పరు. 22 నిమిషాలకు సూర్యుడు పేలిపోతాడు, మీరు మళ్లీ మొదట పడుకున్న మంట పక్కనే కళ్లు తెరుస్తారు. ఇది ఆట మొదట్లోనే తెలిసిపోతుంది కాబట్టి చెప్పినా ఫర్వాలేదు. ఈకలు లేవు, కొత్త ఆయుధాలు లేవు, నౌక బలం పెరగదు. ప్రతిసారీ మీ వెంట వచ్చేది అంతకుముందు మీరు తెలుసుకున్న విషయం ఒక్కటే. మొదటి రోజు కూడా చివరి చోటికి వెళ్లే దారి తెరిచే ఉంటుంది, దాన్ని ఎలా చేరాలో మీకు తెలియదు, అంతే.

గ్రహాలు కూడా మీకోసం ఆగవు. జంట గ్రహాలు రెండుంటాయి, ఒకదాని మీది ఇసుక రెండోదాని మీదికి ధారగా పోస్తుంటుంది. గుహలో గోడల మీద నోమై అనే పాత జాతి వాళ్లు సుడులు సుడులుగా రాసిన రాతలు చదువుతూ నిలబడ్డాను, ఒకరు అడిగినదానికి ఇంకొకరి జవాబు ఆ సుడికి కొమ్మలా అతుక్కుని ఉంటుంది, అలా ఒక్కో కొమ్మా చదువుకుంటూ పోతుంటే పాదాల దగ్గరున్న ఇసుక ఎప్పుడు లేచిందో తెలియలేదు. పైకప్పు దగ్గరవుతోంది, చదవాల్సింది ఇంకా మిగిలే ఉంది. ఆ టెన్షన్ ఏ రాక్షసుడితో యుద్ధంలోనూ నాకు రాలేదు. మళ్లీ లేచి ఈసారి నేరుగా ఆ గుహకే వెళ్లాను, ఇసుక చేరకముందే.

ఇంకో సంగతి. ఆ సౌరకుటుంబంలో మీకంటే ముందు వెళ్లిన వాళ్లు ఒక్కో చోట ఒక్కో వాయిద్యం వాయిస్తూ కూర్చుని ఉంటారు, ఒకరు బాంజో, ఒకరు డ్రమ్స్, ఒకరు ఫ్లూట్, ఒకరు హార్మోనికా, మీ చంద్రుడి మీదున్నవారు ఈల వేస్తుంటారు. శబ్దాలు పట్టే ఓ గొట్టం మీ దగ్గర ఉంటుంది. దాన్ని ఆకాశం వైపు తిప్పుతుంటే ఒక్కొక్కరి పాట వేరువేరుగా వినిపిస్తుంది, దూరం నుంచి అన్ని గ్రహాలూ ఒకే వైపుకి వచ్చినప్పుడు పడితే అదంతా కలిసి ఒకే పాట. ఆండ్రూ ప్రాలో చేసిన ఆ సంగీతం కోసం నేను పని మానేసి ఊరికే నౌక ఆపుకుని కూర్చున్న రాత్రులున్నాయి.

కష్టాలు కూడా చెప్పాలి. నౌక నడపడం మొదట్లో చేతికి రాదు, కంట్రోలర్ ఉంటే చాలా మేలు. అన్ని వైపులా తిరిగే కెమెరా వల్ల కొందరికి కళ్లు తిరుగుతాయి, మా అక్క కొడుకు అరగంటకే పక్కన పెట్టేశాడు. రెండింటిలోనూ తెలుగు లేదు, ఎ షార్ట్ హైక్‌లో మాటలు చిన్నవి, పదేళ్ల పిల్లలకి పక్కన కూర్చుని చెప్పొచ్చు, ఔటర్ వైల్డ్స్ మాత్రం నిండా చదువుడే, ఇంగ్లిష్‌లో పేజీలు పేజీలు ఓపిగ్గా చదవగలగాలి. మొత్తం పూర్తికావడానికి ఇరవై గంటలు పట్టొచ్చు, మధ్యలో నెల గ్యాప్ ఇస్తే తీగ తెగిపోతుంది. పాత లాప్‌టాప్ అయితే ఎ షార్ట్ హైక్ ఇబ్బంది పెట్టదు, ఔటర్ వైల్డ్స్‌కి కాస్త గ్రాఫిక్స్ కార్డు ఉండాలి.

ఫైర్‌వాచ్ అనే ఇంకో గేమ్ సంగతేంటని కొందరు అడుగుతారు. 2016లో వచ్చింది, 1989 నాటి వ్యోమింగ్ అడవి, చేతిలో మ్యాప్, దిక్సూచి, వాకీటాకీలో డెలైలా అనే మీ పై అధికారి మాటలు. బాగుంటుంది, కానీ అక్కడ కథ మీ చేయి పట్టుకుని నడిపిస్తుంది. మీ అంతట మీరు కనిపెట్టేది తక్కువ. అందుకే దీన్ని ఈ పోటీలో పెట్టలేదు.

నా లెక్కలో ఔటర్ వైల్డ్సే మేలు, అందులో నాకు అనుమానం లేదు. ఎ షార్ట్ హైక్‌లో కొండ అలాగే ఉంటుంది, మీ బలం పెరుగుతుంది. ఔటర్ వైల్డ్స్‌లో మీ బలం అంతే ఉంటుంది, లోకం అర్థమవుతుంది, కొత్త చోటు చూడటం అంటే నాకు అదే. అయినా ముందు ఎ షార్ట్ హైక్ ఆడమనే చెప్తాను. ఆఫీసు నుంచి అలిసిపోయి వచ్చిన రోజుకి, ఎప్పుడూ గేమ్ ముట్టని మీ ఇంటావిడకో, పిల్లలకో అదే సరి, ఎప్పుడైనా మళ్లీ తిరిగి వెళ్లి ఆడుకోవచ్చు కూడా. ఔటర్ వైల్డ్స్‌ని జీవితంలో ఒక్కసారే ఆడగలం, తెలిసిపోయింది మళ్లీ తెలియనట్టు అవ్వదు కదా. పరీక్షలో, ఆఫీసులో డెడ్‌లైన్లో ఉన్నప్పుడు మొదలుపెట్టి ఆ ఒక్కసారి పాడుచేసుకోకండి. వరసగా పది పన్నెండు రాత్రులు మీవే అనుకున్నప్పుడు తెరవండి.

ఒక్కటి మాత్రం బతిమాలి చెప్తున్నా, ఔటర్ వైల్డ్స్ గురించి యూట్యూబ్‌లో వెతక్కండి, థంబ్‌నెయిల్ చూసినా ఓ రహస్యం పోతుంది. ఎక్కడైనా ఇరుక్కుంటే నౌక వెనక గోడకున్న కంప్యూటర్ తెరవండి, మీరు తెలుసుకున్నవన్నీ గీతలతో కలిపి అందులో ఉంటాయి, ఏ చోట ఇంకా చూడాల్సింది మిగిలిందో కూడా అదే చెప్తుంది. ఆ రాత్రికి అక్కడికి వెళ్లండి.