జనరేటర్‌లో పెట్రోల్ ఉంచాలా, తీసేయాలా?

చిన్న పెట్రోల్ జనరేటర్‌ను వాడని రోజుల్లో ఎలా ఉంచాలి? ట్యాంకులో పెట్రోల్ ఉంచి నెలకోసారి నడపడం ఒక పద్ధతి, చుక్క లేకుండా తీసేసి పక్కన పెట్టడం ఇంకో పద్ధతి.

మొదటిదాంట్లో తాడు లాగితే చాలు, స్టార్టవుతుంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను తర్వాత విశాఖలో రోజుల తరబడి కరెంటు లేదు, కాబట్టి దీని విలువ తీరప్రాంతం వాళ్లకు చెప్పక్కర్లేదు. కానీ నెల తప్పకూడదు. బయట గాలి తగిలే చోట, ఫ్యానో లైటో తగిలించి కొంత లోడ్ పెట్టి పది పదిహేను నిమిషాలు నడపాలి. రెండు నిమిషాలు తిప్పి ఆపేస్తే ఇంజన్ సరిగా వేడెక్కదు, లోపలి తేమ ఆయిల్‌లోనే ఉండిపోతుంది. పైగా ఇప్పుడు బంకుల్లో దొరికేది ఇథనాల్ కలిసిన పెట్రోల్, అది తేమను పీల్చుకుంటుంది. నెలల తరబడి నిల్వ ఉన్న పెట్రోల్ జిగురుగా మారి, కార్బ్యురేటర్ (పెట్రోల్‌ను గాలితో కలిపి ఇంజన్‌కు పంపే భాగం) జెట్‌లోని సన్నని రంధ్రాన్ని మూసేస్తుంది.

రెండోదాంట్లో ఆ బెడద లేదు. ట్యాంకు ఖాళీ చేశాక కార్బ్యురేటర్ గిన్నె అడుగున ఉన్న డ్రెయిన్ స్క్రూ వదులు చేసి, అక్కడ మిగిలిన పెట్రోల్ కూడా దింపేయాలి. చాలామంది మరిచిపోయేది ఇదే. తర్వాత స్పార్క్ ప్లగ్గు విప్పి, ఆ రంధ్రంలో కొద్దిగా ఇంజన్ ఆయిల్ వేసి, తాడు మెల్లగా రెండుమూడుసార్లు లాగి, ప్లగ్గు బిగించేయాలి.

తరచూ కోతలుండే షాపుకు మొదటిదే మేలు. ఏడాదికి ఒకటి రెండుసార్లు వాడే ఇంటికి మాత్రం నేను రెండోదే చెబుతాను. తుఫాను హెచ్చరిక రాగానే, బంకు దగ్గర రద్దీ పెరగకముందే తాజా పెట్రోల్ తెచ్చుకోండి.