డెట్రాయిట్ డౌన్‌టౌన్‌లో షాపు అని అమ్ముతున్నారు, జాగ్రత్త!

మన డాలస్ గ్రూపుల్లో ఉన్నవాళ్ళకి ఆ మనిషి ఎవరో నేను వేరే చెప్పక్కర్లేదు. "అక్కా, డెట్రాయిట్ లేస్తోంది, ఇప్పుడు కొనకపోతే ఇక దొరకదు" అని వారం వారం పోస్టులు పెడతాడే, అతనే. కింద షాపు, పైన ఫ్లాటు, 84,000 డాలర్లు, డౌన్‌టౌన్ అన్నాడు. డబ్బు కట్టాం, డీడ్ (ఆస్తి మన పేరుకి మార్చిన కాగితం) చేతికొచ్చింది. పోయిన వారం మా ఆయనా నేనూ వెళ్ళి చూసొచ్చాం. ఇంకా ఒళ్ళు మండుతూనే ఉంది.

అది డౌన్‌టౌన్ కానే కాదు. డెట్రాయిట్ ఊరు మొత్తం దాదాపు 139 చదరపు మైళ్ళు. అందులో డౌన్‌టౌన్ అంటే ఒకవైపు నది, మిగతా వైపుల లాడ్జ్, ఐ-75, ఐ-375 ఫ్రీవేలు, వాటి మధ్య ఉన్న చిన్న ముక్క. మాకు అంటగట్టిన బిల్డింగ్ గ్రాషియట్ అవెన్యూ మీద అక్కడికి మైళ్ళ దూరంలో ఉంది. కోఠి ఫొటోలు చూపించి ఘట్‌కేసర్‌లో మడిగె అమ్మినట్టు.

కొనకముందు వీడియో కాల్‌లో అతను చూపించింది డౌన్‌టౌన్ మెయిన్ రోడ్డు వుడ్‌వర్డ్ అవెన్యూ. క్యూలైన్ ట్రామ్ వెళ్తోంది, కేఫ్‌ల ముందు జనం, పాత హడ్సన్స్ స్టోర్ ఉన్నచోట లేచిన కొత్త టవర్. "రెండు నిమిషాల డ్రైవ్ అక్కా, సిగ్నల్ సరిగా ఉండదు, అక్కడికెళ్ళి మళ్ళీ చేస్తా" అని కాల్ కట్ చేశాడు. మళ్ళీ చేసేసరికి షాపు లోపల ఉన్నాడు. తెల్లగా రంగేసిన ముందు గది చూపించాడు. వీధి చూపించలేదు, వెనక గది తలుపు తీయలేదు.

ఆ తలుపు మేం తీశాం. గోడలు నిలువునా చీల్చి రాగి పైపులన్నీ పీక్కుపోయారు. బేస్‌మెంట్ మెట్ల మీద మూడో మెట్టు దాకా నల్లటి నీళ్ళు. బయట కిటికీకి కొట్టిన ప్లైవుడ్ మీద సిటీ వాళ్ళ బ్లైట్ టికెట్ (బిల్డింగ్‌ని పాడుబెట్టినందుకు వేసే జరిమానా నోటీసు), ఎండకి వెలిసిపోయి ఉంది. మేం కొనకముందుదే. పక్కన బార్బర్ షాపు నడిపే పెద్దాయన మా కారు నంబర్ ప్లేటు చూసి, "టెక్సాసా? ఇంతకుముందు కొన్నాయన కాలిఫోర్నియా, ఆయన ఒక్కసారి కూడా రాలేదు" అన్నారు. పాపం ఆయనే టార్చిలైటు తెచ్చి బేస్‌మెంట్ చూపించారు.

అక్కడే ఫుట్‌పాత్ మీద నిలబడి ఆ మహానుభావుడికి ఫోన్ చేశాను. మొదట "అవునా అక్కా, అలా ఉందా" అన్నాడు. బ్లైట్ టికెట్ సంగతి ఎత్తగానే గొంతు మారిపోయింది. "డీడ్ మీద సంతకం నాది కాదు కదండీ, ఎల్ఎల్‌సీ కంపెనీది" అన్నాడు. అప్పటిదాకా అక్కా అక్కా అన్నవాడికి క్షణంలో అండీ అయిపోయాను. మీరుండేది అక్కడికి ముప్పావుగంట దూరంలోనే కదా, మీకు ఈ రోడ్డు మీద ఒక్క షాపైనా ఉందా అని అడిగాను. "ఊరు తెలిసినవాళ్ళెవరైనా అక్కడ కొంటారా అండీ?" అన్నాడు. అని పెట్టేశాడు. అప్పట్నుంచి మా ఇద్దరి నంబర్లూ బ్లాక్.

ఈ ఒక్క మాట కోసమే ఇదంతా రాస్తున్నాను. అతను అమ్మేది బిల్డింగ్ కాదు, దూరాన ఉన్న మన బుర్రల్లో డెట్రాయిట్ అంటే ఉన్న బొమ్మ. 2013లో ఊరు దివాలా తీసినప్పుడు మనందరం టీవీలో చూసింది పాడుబడ్డ రైల్వే స్టేషన్, ప్యాకార్డ్ కార్ల ఫ్యాక్టరీ శిథిలాలు. అందుకే అక్కడ అన్నీ కారుచౌక అనుకుంటాం. తర్వాత అదే స్టేషన్‌ని ఫోర్డ్ 2018లో కొని, బాగుచేసి 2024లో తెరిచింది. 1957 తర్వాత మొదటిసారి ఊరి జనాభా పెరిగిందని సెన్సస్ లెక్క వచ్చిందీ అప్పుడే. కార్ల కంపెనీ జీఎం కూడా హెడ్‌క్వార్టర్స్‌ని హడ్సన్స్ స్థలానికి మారుస్తామంది. ఇవన్నీ నిజాలే. కానీ వుడ్‌వర్డ్ మీద కొత్త స్టోర్ తెరిస్తే గ్రాషియట్ మీద షాపుకి అద్దె రాదు. అంతెందుకు, 2017లో తెరిచిన లిటిల్ సీజర్స్ అరీనా (ఇండోర్ స్టేడియం) చుట్టూ కట్టిస్తామన్న బ్లాకుల్లోనే ఇప్పటికీ చాలాచోట్ల పార్కింగ్ లాట్లున్నాయి. అక్కడివాళ్ళకి ఇవన్నీ వీధివీధికీ తెలుసు.

ఇంటికొచ్చాక ఆరా తీస్తే తెలిసింది, ఈ పోస్టులు డాలస్, న్యూజెర్సీ, బే ఏరియా గ్రూపుల్లోనే ఉన్నాయి. డెట్రాయిట్ శివార్లలోని నోవై, ట్రాయ్‌లలో ఉన్న మా బంధువుల గ్రూపుల్లో ఒక్కటీ లేదు. కావాలనే పెట్టలేదు.

ఇక కాగితాల సంగతి. మాకిచ్చింది క్విట్ క్లెయిమ్ డీడ్. అమ్మేవాడికి ఏ హక్కు ఉంటే అది మనకొస్తుంది, ఏమీ లేకపోతే ఏమీ రాదు. వారంటీ డీడ్ (హక్కు తనదేనని అమ్మేవాడు హామీ ఇచ్చేది), టైటిల్ ఇన్సూరెన్స్ (హక్కులో లోపం బయటపడితే ఆదుకునే బీమా) లేకుండా పైసా కట్టకండి. పాత ఓనర్ టాక్స్ బిల్లు చూపిస్తే నమ్మకండి. మిషిగన్‌లో పాత ఓనర్‌కి పన్ను ఏటా ఇంతకు మించి పెరగకూడదని పరిమితి ఉంటుంది. అమ్మకం జరిగిన మరుసటి ఏడాది ఆ పరిమితి తీసేసి, మార్కెట్ విలువలో సగం మీద మళ్ళీ పన్ను లెక్కేస్తారు. నీళ్ళ డిపార్ట్‌మెంట్ వాళ్ళ డ్రైనేజీ చార్జీ ఒకటుంది, చుక్క నీళ్ళు వాడకపోయినా కప్పూ కాంక్రీటూ ఎంత ఉంటే దాన్నిబట్టి నెలనెలా వేస్తారు. దీని గురించి అతను నోరెత్తలేదు. పన్ను మూడేళ్ళు బకాయి పడితే డెట్రాయిట్ ఉన్న వేన్ కౌంటీ బిల్డింగ్ లాగేసుకుని వేలం వేస్తుంది. ఆ వేలాల్లో 500 డాలర్ల దగ్గర పాట మొదలైన సరుకునే కొని మనకి తిప్పి అమ్ముతుంటారు. అడ్రస్ తీసుకుని కౌంటీ రికార్డుల్లో వెనకటి అమ్మకాలు చూడండి. వీలైతే పక్క షాపు నంబరు వెతికి ఫోన్ చేసి మాట్లాడండి.

మేం లాయర్‌తో మాట్లాడుతున్నాం. ఇదే మనిషి దగ్గర కొన్నవాళ్ళుంటే నాకు మెసేజ్ చేయండి, కలిసి వెళ్తే బలం ఉంటుందని ఆయన చెప్పారు.

నిన్నటి నుంచి సెయింట్ లూయిస్ డౌన్‌టౌన్ అని కొత్త పోస్టు తిప్పుతున్నాడు. 2006లో 205 మిలియన్ డాలర్లకి అమ్ముడైన ఏటీ అండ్ టీ టవర్ 2024లో 3.6 మిలియన్లకి పోయింది, ఇంతకన్నా చౌక ఉంటుందా అంటున్నాడు. ఆ లెక్క నిజమే. 44 అంతస్తులు ఖాళీగా పడి ఉంటే ఆ రేటు పలికింది, అది మాత్రం పోస్టులో రాయలేదు. మీ గ్రూపుకి ఆ పోస్టు వస్తే డబ్బు పంపకముందే సెయింట్ లూయిస్‌లో ఉన్న మనవాళ్ళకి ఫార్వర్డ్ చేసి అడగండి.