పంది, వరాహం: జంతువు ఒకటే, మర్యాద వేరు

పంది అచ్చ తెలుగు మాట. తమిళంలో పన్ఱి, కన్నడంలో హంది దాని తోబుట్టువులే. వరాహం సంస్కృతం నుంచి వచ్చింది. అర్థం ఒకటే అయినా మాటకున్న గౌరవం వేరు. విష్ణువు మూడో అవతారం వరాహం. ‘పంది అవతారం’ అంటే వినడానికే ఇబ్బంది. విజయనగర బంగారు నాణెం వరహా, ఉత్తరాంధ్రలో మనిషి పేరు వరహాలు. పంది మాత్రం తిట్లలో ఇరుక్కుపోయింది: ‘పందిలా తింటావేంరా!’

అయినా రోజువారీ పనికి పందే కావాలి. అడవిపంది, ముళ్లపంది, పందికొక్కు అన్నీ దాంతో పుట్టినవే. ముళ్లపంది నిజానికి పంది కాదు, ఎలుక జాతిది. పందికొక్కూ అంతే, ఇంగ్లీషు వాళ్ల బ్యాండికూట్ ఈ మాటే. కూర గురించి చెబుతూ ‘వరాహ మాంసం’ అంటే మాత్రం నవ్వుతారు.