చేపల తొట్టికి కుళాయి నీరు: ఒక రోజు నిల్వ ఉంచడం మేలా, క్లోరిన్ విరుగుడు చుక్కలు మేలా?

నీరు మార్చిన కాసేపటికే చేపలన్నీ పైకి చేరి నోళ్లు తెరుస్తుంటే, తొట్టిలో ఆక్సిజన్ తగ్గిందేమోనని ఎయిర్ పంపు వేగం పెంచుతాం. తప్పు చాలాసార్లు పంపుది కాదు, కుళాయి నీటిలోని క్లోరిన్‌ది. అది మొప్పల పలుచని పొరను కాల్చేస్తుంది. నీటిలో ఆక్సిజన్ ఉన్నా, తీసుకోవలసిన మొప్పలే దెబ్బతింటాయి. గొట్టాల్లో సూక్ష్మజీవులు పెరగకుండా మన కోసం కలిపిన క్లోరిన్ అది. ఇంటి కుళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములైనా మిగిలి ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మనకు రక్షణగా ఉన్న ఆ కాస్తే చేపలకు విషం.

పాతకాలం నుంచీ ఉన్న మార్గం నీటిని నిల్వ ఉంచడం. క్లోరిన్ దానంతటదే గాలిలోకి పోతుంది. ఎంతసేపటికి అన్నదే చిక్కు. ఒకసారి ఒకే కుళాయి నీటిని రెండు బకెట్లలో పట్టి, ఒక దానిలో ఎయిర్ స్టోన్ (పంపు గాలిని బుడగలుగా వదిలే రాయి) వేసి, రెండోది కదపకుండా వదిలేశాను. మర్నాడు ఉదయం రెండింటి నుంచి చిన్న గాజు గొట్టాల్లోకి నీరు తీసుకుని క్లోరిన్ ఉందో లేదో చూపే ఆర్థోటొలిడిన్ చుక్కలు వేశాను. బుడగలు ఆడిన నీరు తేటగానే ఉంది. కదలని నీరు లేత పసుపుకు తిరిగింది. పసుపు కనబడిందంటే క్లోరిన్ ఇంకా ఉన్నట్టే. ఊరికే మూత తీసి పెట్టిన బకెట్‌ను నమ్మడం నేను ఆ రోజుతో మానేశాను.

రెండో మార్గం సోడియం థయోసల్ఫేట్. అక్వేరియం దుకాణాల్లో దొరికే క్లోరిన్ విరుగుడు చుక్కల్లో చాలావాటికి ఇదే మూలం. ఇది నీటిలో కలిసిన కొద్దిసేపట్లోనే క్లోరిన్‌ను హానిలేని క్లోరైడ్‌గా మార్చేస్తుంది. ఒక మిల్లీగ్రాము క్లోరిన్‌కు సుమారు 7 మిల్లీగ్రాముల స్ఫటికాలు కావాలి. లీటరుకు ఒక మిల్లీగ్రాము క్లోరిన్ ఉన్న 20 లీటర్ల బకెట్‌కు 140 మిల్లీగ్రాములు చాలు, అంటే చిటికెడు కూడా కాదు. కొంచెం ఎక్కువ పడినా భయం లేదు. తక్కువ పడితేనే ముప్పు.

ఇంతవరకు చూస్తే చుక్కలదే పైచేయి. అయితే కొన్నిచోట్ల నీటి సరఫరాలో క్లోరిన్‌కు బదులు క్లోరమిన్ వాడతారు. క్లోరిన్, అమ్మోనియా కలిసిన పదార్థం అది. గాలికి అంత సులభంగా పోదు, రోజుల తరబడి నిలిచి ఉంటుంది. థయోసల్ఫేట్ అందులోని క్లోరిన్‌ను విడగొడుతుంది కానీ అమ్మోనియా నీటిలోనే మిగిలిపోతుంది. అది ఎంత ప్రమాదమో పీహెచ్, అంటే నీటి ఆమ్ల, క్షార గుణాల కొలత, చెబుతుంది. 25 డిగ్రీల దగ్గర పీహెచ్ 7 అయితే అమ్మోనియాలో చేపకు హాని చేసే రూపం వందలో ఒక వంతు కూడా ఉండదు. పీహెచ్ 8 అయితే సుమారు ఇరవయ్యో వంతు ఉంటుంది. కాబట్టి క్లోరమిన్ నీటికి అమ్మోనియాను కూడా బంధించే కండిషనరే కొనాలి. సీసాపై ఆ మాట ఉందో లేదో చదవండి. మీ నీటిలో ఏది ఉందో తెలుసుకోవాలంటే, బుడగలు ఆడిస్తూ పూర్తిగా ఒక రోజు ఉంచిన తరువాత అదే చుక్కల పరీక్ష చేయండి. అప్పటికీ పసుపు వస్తే క్లోరమిన్ అనే అనుమానించాలి.

కార్బన్ ఫిల్టర్ క్లోరిన్‌ను బాగానే పడుతుంది కానీ, దాని శక్తి అయిపోయిన రోజు మనకు ఏ సూచనా ఇవ్వదు. ఆర్‌వో నీటిలో ఖనిజాలు దాదాపు ఉండవు. ఒంటరిగా వాడితే పీహెచ్ నిలకడ తప్పుతుంది. మెత్తని నీరు కోరే చేపలను పెంచేవారికి తప్ప దాని అవసరం నాకు కనబడదు.

బోరు నీటి విషయంలో నా తీర్పు తలకిందులవుతుంది. అందులో సాధారణంగా క్లోరిన్ ఉండదు కాబట్టి చుక్కలతో పని లేదు. కానీ భూమి లోపలి నుంచి వచ్చిన నీటిలో ఆక్సిజన్ తక్కువగా, కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా ఉండవచ్చు. ఒక రోజు బుడగలు ఆడిస్తే రెండూ సర్దుకుంటాయి. పీహెచ్ కూడా అప్పుడు కొలిస్తేనే నిజమైన అంకె వస్తుంది. ఆ పని ఏ సీసా చేయలేదు.

కుళాయి నీటికి ఒక్కటే ఎంచుకోమంటే నేను చుక్కలనే ఎంచుకుంటాను. వీలుంటే రెండూ చేస్తాను: బకెట్‌లో చుక్కలు కలిపి, ఎయిర్ స్టోన్ వేసి, తొట్టి నీటి వేడికి సమానమయ్యాక పోస్తాను. గొట్టంతో నేరుగా తొట్టిలోకే నీరు పట్టేవారు మాత్రం కొత్త నీటికి కాక తొట్టి మొత్తం నీటికి లెక్కగట్టి ముందే మందు వేయాలి. వరదల తరువాత, గొట్టాలు బాగుచేసినప్పుడు సరఫరాలో క్లోరిన్ పెంచుతారు. కుళాయి తిప్పగానే ఘాటు వాసన ముక్కుకు తగిలిన రోజున నేను పరీక్ష చేయకుండా నీరు మార్చను. అవసరమైతే మర్నాటికి వాయిదా వేస్తాను.