పిల్లికి కుక్కల మందు అంటగట్టే దుకాణాలతో జాగ్రత్త

పిల్లి బొచ్చులో గెంతుతూ తిరిగే ఫ్లీ పురుగులకు మందు కొనబోతున్నవారు దయచేసి ఇది చదవండి. పిల్లికే కావాలని స్పష్టంగా అడిగినా, మా కాలనీ దగ్గరి పెట్ షాపులో అట్టపెట్టె లేని విడి పిపెట్ (మందు నింపిన చిన్న గొట్టం) ఒకటి తీసి, "కుక్కకైనా పిల్లికైనా ఇదేనండీ, సగం వేస్తే చాలు" అని అమ్మారు. మెడ వెనుక వేసిన ఆ సాయంత్రానికే మా పిల్లి చెవులు అదరసాగాయి. ఆపై ఒళ్లంతా వణుకు పట్టుకుంది, లేవబోతే వెనుక కాళ్లు తడబడ్డాయి. వెటర్నరీ డాక్టరు గట్టిగా అడగమన్నాక షాపుకు ఫోన్ చేస్తే గానీ అది పెర్మెత్రిన్ అనే పురుగుమందు కలిసిన కుక్కల మందని బయటపడలేదు. పిల్లి దక్కింది కానీ, చికిత్సకైన ఖర్చు మందు ధరకు ఎన్నో రెట్లు.

పెర్మెత్రిన్‌ను కుక్క కాలేయం విడగొట్టి బయటికి పంపేయగలదు. పిల్లి కాలేయానికి ఆ శక్తి బాగా తక్కువ కాబట్టి, మందు ఒంట్లోనే నిలిచి నరాలను అదేపనిగా రేపుతుంది. ఈ రసాయనం ఉన్న కుక్కల స్పాట్-ఆన్ (చర్మం మీద చుక్కలుగా వేసే) మందుల్లో చాలావాటిలో అది 40 శాతానికి పైనే ఉంటుంది. అందులో సగమైనా, కొన్ని చుక్కలైనా పిల్లికి ప్రాణాంతకమే. ఇంట్లో కుక్కకు వేసినప్పుడు కూడా, మందు పూర్తిగా ఆరేదాకా పిల్లిని దాని పక్కన పడుకోనివ్వకండి. పిడుదులకు వాడే అమిట్రాజ్ ద్రావణాన్నీ, "సహజమైనది" అంటూ అమ్మే టీ ట్రీ నూనెనూ పిల్లి దరిదాపులకు రానివ్వవద్దు.

సెలమెక్టిన్, ఇమిడాక్లోప్రిడ్, ఫిప్రోనిల్ వంటివి పిల్లుల కోసమే తయారైన ప్యాకుల్లో దొరుకుతాయి. పెట్టె మీద పిల్లి బొమ్మ చూసి తృప్తిపడకుండా, మందు పేరు, ఎంత బరువున్న పిల్లికో, కనీస వయసు, బ్యాచ్ నంబరు చదివి, బిల్లు తీసుకోండి. విడి పిపెట్ ఇస్తే ఎంత చవకైనా వెనక్కి ఇచ్చేయండి. 8 వారాల లోపు కూనలకు డాక్టరు చెప్పనిదే ఏ మందూ వేయవద్దు, వాటికి సన్న పళ్ల దువ్వెనతో దువ్వి, చిక్కిన పురుగులను సబ్బునీళ్లలో వేయడమే మేలు. మందు వేశాక కూడా కొన్నాళ్లు పురుగులు కనిపిస్తే డోసు పెంచకండి. గుడ్లు పరుపుల్లో, చాపల్లో రాలి ఉంటాయి, గూడు కట్టుకున్న ప్యూపాలు (పురుగుగా మారబోయే దశలోనివి) నెలల తరబడి నిలుస్తాయి కనుక, పక్కబట్టలు వేడినీళ్లలో ఉతకడం, మూలలు వాక్యూమ్ చేయడం తప్పనిసరి.

పొరపాటున కుక్కల మందు పడితే, లక్షణాలు బయటపడడానికి కొన్ని గంటల నుంచి మూడు రోజుల దాకా పట్టవచ్చు, కాబట్టి వేచిచూడకండి. పిల్లి మూర్ఛలో లేకపోతే గోరువెచ్చని నీళ్లు, గిన్నెలు తోమే లిక్విడ్‌తో మందు వేసిన చోటు కడిగి, తుడిచి, తువ్వాలు చుట్టి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. దీనికి విరుగుడు మందు లేదు, వణుకునూ మూర్ఛనూ అదుపు చేయడమే చికిత్స. ఖాళీ పిపెట్‌ను కూడా వెంట తీసుకెళ్తే డాక్టరుకు ఏ మందో ఊహించాల్సిన పని ఉండదు.