బకెట్ నీళ్లు పోసి "మీ నేల బాగుంది" అనేవాళ్లను నమ్మకండి

ఇప్పుడే ఫోన్ పెట్టేసి రాస్తున్నాను. చేతులు ఇంకా వణుకుతున్నాయి. పెరట్లో వారం రోజులుగా మురుగునీళ్లు నిలిచిపోయాయి. కింది బాత్‌రూమ్‌లో పంపు తిప్పితే జాలీలోంచి నల్లటి నీళ్లు పైకి తన్నుతున్నాయి. పిల్లల్ని ఇంటి వెనక్కి వెళ్లనివ్వడం లేదు. డ్రైనేజీ లైను లేని చోట ఇల్లు కట్టుకుంటూ, ఇంటి మురుగును ఇంటి దగ్గరే శుద్ధి చేసే ప్లాంట్ కొనాలనుకుంటున్నవాళ్లు దయచేసి ఇది చదవండి. మాకు ఆ ప్లాంట్ అమ్మినాయన ఎవరో మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. పేరు ఇక్కడ రాయను.

జరిగింది క్లుప్తంగా చెప్తాను. పోయిన ఎండాకాలం ఇల్లు పూర్తవుతుండగా ఆయన వచ్చాడు. బ్లోయర్‌తో గాలి ఊదే ఏరోబిక్ ప్లాంట్, శుద్ధైన నీళ్లు నేలలోకి ఇంకడానికి పక్కన ఇంకుడు గుంత, అన్నీ తనే చేసి ఇస్తానన్నాడు. మట్టి పరీక్ష కూడా తనదే అన్నాడు. ఒప్పుకున్నాం. డబ్బు మొత్తం ముందే కట్టేశాం. ఎండలున్నన్నాళ్లూ బాగానే నడిచింది. వానలు పట్టిన రెండో వారానికి ఇదీ పరిస్థితి.

ఆ మట్టి పరీక్ష ఎలా చేశారో చెప్తాను. మిట్టమధ్యాహ్నం వచ్చారు. నేలంతా వేలు దూరేంత నెర్రెలు. ఆయన మనిషి గునపంతో మోకాలి లోతు గుంత తవ్వాడు. ఒక్కటే గుంత. అందులో బకెట్ నీళ్లు గుమ్మరించాడు. గుడగుడమంటూ రెండు నిమిషాల్లో నీళ్లన్నీ మాయమయ్యాయి. "చూశారా మేడమ్, మీ నేల ఎంత చక్కగా పీల్చుకుంటోందో" అన్నాడాయన. నాకు ఎంత సంతోషమేసిందో ఇప్పటికీ గుర్తుంది.

పక్కనే ఉన్న మా మామయ్యగారు పిడికెడు మట్టి తీసుకుని, తడిపి, ముద్ద చేసి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కుతూ సాగదీశారు. వేలెడు పొడవు పట్టీ తెగకుండా వచ్చింది. "ఇది రేగడమ్మా. ఎండకు నోరు తెరుస్తుంది, వాన పడితే మూసుకుంటుంది. ఆ నీళ్లు నెర్రెల్లోకి పోయాయి, నేల తాగలేదు" అన్నారు. ఏళ్ల తరబడి సేద్యం చేసిన మనిషి. నేనేమో "ఆయన రోజూ చేసే పని ఇదే కదా మామయ్యా" అని నోరు మూయించాను. ఆ మాట ఇప్పుడు నన్ను నిద్రపోనివ్వడం లేదు.

వారం నుంచీ రాత్రుళ్లు కూర్చుని చదువుతున్నాను. ఇంకుడు పరీక్ష, అదే పర్కొలేషన్ టెస్ట్, నిన్నమొన్న వచ్చింది కాదు. 1920ల్లో అమెరికాలో హెన్రీ రయాన్ అనే ఇంజినీరు మొదలుపెట్టిన పద్ధతి. అంటే దాదాపు వందేళ్ల నుంచీ ఈ పని చేసేవాళ్లందరికీ తెలిసిందే. పరీక్ష గుంతను, ఇంకుడు కందకం (శుద్ధైన నీళ్లను నేలలోకి ఇంకించే కాలువ) ఎంత లోతు ఉండబోతుందో అంత లోతు తవ్వాలి. తవ్వేటప్పుడు నున్నగా మెత్తిన గోడలను గీకి గరుకు చేయాలి. అడుగున 5 సెంటీమీటర్ల కంకర వేయాలి. ఆ తర్వాతిదే అసలు సంగతి. నీళ్లు పోసి కొన్ని గంటల పాటు నానబెట్టాలి, బంకమట్టి అయితే రాత్రంతా. ఎందుకంటే బంకమట్టి నీళ్లు తాగి ఉబ్బుతుంది, ఉబ్బి నెర్రెలను మూసేస్తుంది. అలా మూసుకున్నాక నేల ఎంత తాగుతుందన్నదే మనకు కావాల్సిన లెక్క. మర్నాడు కంకర మీద 15 సెంటీమీటర్ల నీళ్లు ఉండేలా చేసి, అరగంటకోసారి ఎంత దిగిందో కొలవాలి. చివరి కొలతనే లెక్కలోకి తీసుకోవాలి. అది కూడా ఒక్క గుంతలో కాదు, స్థలంలో వేర్వేరు చోట్ల కనీసం మూడింటిలో చేయాలి.

25 మిల్లీమీటర్లు దిగడానికి గంట కంటే ఎక్కువ పడితే అక్కడ మామూలు ఇంకుడు కందకాలు పనికిరావని సాధారణంగా పెట్టుకున్న హద్దు. ఒక్క నిమిషంలోపే దిగిపోయినా మంచిది కాదట. ముతక ఇసకలో నీళ్లు శుభ్రపడే వ్యవధి లేకుండా నేరుగా భూగర్భ జలంలోకి పోతాయి. మరి ఆయన "రెండు నిమిషాల్లో బకెట్ తాగేసింది" అని మురిసిపోతే నేనూ మురిసిపోయానే!

మొన్న మెరకగా ఉన్న మూలలో మేమే గుంత తవ్వి, రాత్రంతా నానబెట్టి, నిన్న స్కేలు పట్టుకుని కూర్చున్నాం. అరగంటకు 3 మిల్లీమీటర్లు దిగింది. మళ్లీ అరగంటకు మళ్లీ 3. ఆ లెక్కన 25 దిగాలంటే నాలుగు గంటల పైనే. ఇంటికి ఐదుగురం, స్నానాలు, బట్టలు, గిన్నెలు కలిపి రోజూ వందల లీటర్లు బయటికి పోతాయి. అవన్నీ ఈ నేల ఎక్కడ తాగుతుంది?

ఇంకో సంగతి కూడా అప్పుడే కళ్ల ముందు ఉంది. ట్యాంక్ కోసం జేసీబీతో తవ్వినప్పుడు నడుం లోతు కింద మట్టి బూడిద రంగులో, మధ్యమధ్యలో తుప్పు రంగు మచ్చలతో ఉంది. నేను ఫోన్లో ఫొటో కూడా తీశాను. అందం కోసం తీశాను, నాకేం తెలుసు! ఆ మచ్చలుంటే ఏడాదిలో కొంతకాలం అక్కడిదాకా నీళ్లు నిలుస్తాయని గుర్తు. నీళ్లలో మునిగి గాలి ఆడనప్పుడు మట్టిలోని ఇనుము కరిగి రంగు పోతుంది, గాలి తగిలిన చోట మళ్లీ తుప్పులా పేరుకుంటుంది. ఇంకుడు కందకం అడుగు నుంచి నీటి మట్టం దాకా కనీసం 60 సెంటీమీటర్ల నుంచి 120 సెంటీమీటర్ల పొడి నేల ఉండాలంటారు. మా ఇంకుడు గుంత అడుగు ఆ బూడిద మట్టిలోనే ఉంది. పైగా ముందురోజు పడ్డ అకాల వానకు మట్టి తడిగా ఉన్నా తవ్వేశారు. జేసీబీ బకెట్ పళ్లు రాసుకుని గోడలు పచ్చికుండలా నున్నగా మెరిశాయి. ఉన్న కొద్దిపాటి రంధ్రాలూ అలా పూడిపోయాయి.

ఇదంతా చదివాక నిన్న రాత్రి ఒకసారి, ఇవాళ పొద్దున ఒకసారి ఫోన్ చేశాను. అంతకు ముందు వాళ్ల మనిషి వచ్చి చూసి, "మీరు నీళ్లు ఎక్కువ వాడుతున్నారు మేడమ్" అని, ఏదో బ్యాక్టీరియా పొడి డబ్బా తీశాడు. నెలకో ప్యాకెట్ వేస్తే సర్దుకుంటుందట, దానికి మళ్లీ వేరే డబ్బు. ఏ పొడి వేసినా బంకమట్టి ఇసక అవుతుందా?

ఇవాళ పొద్దున నా కొలతలన్నీ ఆయనకే చదివి వినిపించాను. ఆయన ఆగి, చాలా నెమ్మదిగా అన్నాడు: "మేడమ్, ఆరోజు నీళ్లు ఇంకడం మీ కళ్లతో మీరే చూశారు కదా. అప్పుడు ఒప్పుకుని ఇప్పుడు ఇలా మాట్లాడితే ఎలా?"

నాకు నోట మాట రాలేదు. నాకేమీ తెలియదని తెలిసే నా కళ్ల ముందు ఆ బకెట్ పోశాడు. నన్ను సాక్షిగా పెట్టుకోవడానికే పోశాడు. నా సంతోషాన్నే తన రుజువుగా దాచుకున్నాడు. డబ్బు పోయినదానికంటే ఆ ఒక్క మాట ఎక్కువ గుచ్చుకుంటోంది.

ప్లాంట్ గురించి కూడా ఒక మాట. "మా మెషిన్‌లో నీళ్లు శుభ్రమైపోతాయి, కాబట్టి నేల ఎలా ఉన్నా ఫర్వాలేదు" అన్నాడు. ఎన్‌ఎస్‌ఎఫ్ 40 సర్టిఫికెట్ చూపించాడు, ఇలాంటి ఇంటి ప్లాంట్లకు అమెరికాలో పెట్టుకున్న ప్రమాణం అది. ఆ ప్రమాణం కింద యంత్రాన్ని 26 వారాలు నడిపి, బయటికొచ్చే నీళ్లను పరీక్షిస్తారు. సర్టిఫికెట్ ఆ యంత్రానిది, మా నేలది కాదు. ప్లాంట్ నీటిలోని మురికిని తగ్గిస్తుంది, నీటిని తగ్గించదు. పోసిన ప్రతి లీటరూ అటువైపు బయటికి రావాల్సిందే, ఎక్కడికో అక్కడికి పోవాల్సిందే. బ్లోయర్ ఆగితే గాలి మీద బతికే సూక్ష్మజీవులు చచ్చి ఆ శుద్ధి కూడా పోతుంది. మడ్డి ఎప్పటికప్పుడు తీయించాలి. ఇవేవీ ఆయన చెప్పలేదు.

మా లాంటి నేలకు దారి లేకపోలేదు. నేల మట్టం పైన ఇసక దిబ్బ పోసి, అందులోకి పంపుతో కొద్దికొద్దిగా నీళ్లు వదిలే పద్ధతి ఉంది, మౌండ్ అంటారు. రెల్లు నాటిన కంకర మడుల్లో నీళ్లు పారించే పద్ధతీ ఉంది. మాకు స్థలానికి కొదవ లేదు. మొదటే చెప్పి ఉంటే ఆ డబ్బుతో అదే కట్టించుకునేవాళ్లం. ఇప్పుడు పెరడంతా మళ్లీ తవ్వాలి.

కొనబోయేవాళ్లు మట్టి పరీక్ష మాత్రం ప్లాంట్ అమ్మే మనిషి చేత చేయించకండి. వేరేవాళ్లను పిలవండి, వీలైతే తడి రోజుల్లో చేయించండి, రాత్రంతా నానబెట్టారో లేదో దగ్గరుండి చూసుకోండి. గుంత గోడల ఫొటోలు తీసి పెట్టుకోండి. నీళ్లు చివరికి ఎక్కడికి పోతాయో కాగితం మీద రాయించుకున్నాకే డబ్బు కట్టండి.

ఆయన అప్పుడు ఇచ్చిన మట్టి పరీక్ష రిపోర్టు ఇందాక వెతికి తీశాను. సంతకం, ముద్ర అన్నీ ఉన్నాయి. "శాండీ లోమ్" అని ఉంది, అంటే ఇసక పాలు ఎక్కువున్న గరప నేల. మూడు గుంతలు తవ్వినట్టు, 25 మిల్లీమీటర్లు దిగడానికి మూడింటిలోనూ సరిగ్గా 12 నిమిషాలు పట్టినట్టు రాసి ఉంది. మా ఇంట్లో తవ్విన గుంత ఒక్కటే. ఆయన దగ్గర కొన్నవాళ్లు ఎవరైనా ఉంటే మీ రిపోర్టు తీసి చూడండి. అందులోనూ 12, 12, 12 అనే ఉంటే నాకు చెప్పండి.